పోర్ అనలైజర్‌తో ఆరేళ్లు: కార్బన్ శాంపిళ్లు నేర్పినవి

యాక్టివేటెడ్ కార్బన్, టెంప్లేట్ కార్బన్ (ఒక అచ్చు చుట్టూ తయారుచేసి, తర్వాత అచ్చు తీసేసిన కార్బన్) కలిపి కొన్ని వందల శాంపిళ్లు ఈ పోర్ అనలైజర్ మీద నడిపాను. ఉపరితలానికి గ్యాస్ ఎంత అంటుకుంటుందో (అడ్సార్ప్షన్) చూసి, దాన్నుంచి రంధ్రాల సైజు లెక్కగట్టే మెషీన్ ఇది. కొత్తగా వాడబోయేవాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇది రంధ్రాలను చూడదు, పీడనాన్ని కొలుస్తుందంతే. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌ను కొద్దికొద్దిగా వదులుతూ, కార్బన్ ఎంత పట్టుకుందో లెక్కగడుతుంది. రంధ్రం సైజు ఎంతన్నది మనం ఎంచుకున్న మోడల్ చెప్పే మాట.

ఈ తేడా మొదటి ఏడాదే దెబ్బ తిని తెలుసుకున్నాను. డీసార్ప్షన్ (పీడనం తగ్గిస్తూ, పట్టుకున్న గ్యాస్‌ను వదిలించే దశ) డేటాకి బీజేహెచ్ లెక్క (రంధ్రాల సైజు తేల్చే ఒక మోడల్) వేస్తే 3.8 నానోమీటర్ల దగ్గర సూదిమొనలాంటి పీక్ వచ్చింది. మీసోపోర్లు (2 నుంచి 50 నానోమీటర్ల రంధ్రాలు) వచ్చాయని ఎంత సంబరపడ్డామో! తర్వాత యాక్టివేషన్ టెంపరేచర్ మార్చాం, ముడి పదార్థమే మార్చాం, పీక్ మాత్రం అక్కడినుంచి కదల్లేదు. అనుమానం వచ్చి అడ్సార్ప్షన్ వైపు (పీడనం పెంచుతూ గ్యాస్ నింపే దశ) డేటాతో లెక్క వేస్తే అది మాయం. సాపేక్ష పీడనం (నైట్రోజన్ ద్రవమయ్యే పీడనంతో పోల్చిన నిష్పత్తి) 0.42 దగ్గరికి దిగేసరికి రంధ్రాల్లోని ద్రవ నైట్రోజన్ ఇక నిలవలేక ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆ దిగుడునే లెక్క ఒక రంధ్రంగా చూపించింది. అప్పటినుంచి రెండు వైపులా చూడకుండా ఏ పీక్‌నీ నమ్మడం లేదు.

బీఈటీ (ఉపరితల వైశాల్యం తేల్చే లెక్క) విషయంలోనూ సాఫ్ట్‌వేర్ ఇచ్చే డిఫాల్ట్ రేంజ్ వదిలేయండి. సాపేక్ష పీడనం 0.05 నుంచి 0.3 వరకు గీత గీస్తే మైక్రోపోర్లున్న (2 నానోమీటర్ల కంటే చిన్న రంధ్రాలున్న) కార్బన్‌కి సీ విలువ (ఆ గీత నుంచి వచ్చే స్థిరాంకం) నెగెటివ్ వస్తుంది. అంటే ఆ వైశాల్యానికి అర్థమే లేదు. రేంజ్‌ను ఇంకా కిందికి, సీ పాజిటివ్‌గా ఉండేచోటికి తెచ్చుకోవాలి.

నాకు బాగా నచ్చింది కార్బన్ డయాక్సైడ్ రన్. శాంపిల్ ట్యూబ్ చుట్టూ మంచునీళ్లు పెట్టి సున్నా డిగ్రీల దగ్గర చేస్తాం, కొన్ని గంటల్లో అయిపోతుంది. 0.7 నానోమీటర్ల కంటే ఇరుకు రంధ్రాల్లోకి ఆ చలిలో నైట్రోజన్ దూరలేదు, దూరినా చాలా టైమ్ పడుతుంది. నైట్రోజన్‌తో దాదాపు ఏమీ లేదనిపించిన ఒక చార్‌ని (గాలి తగలకుండా కాల్చిన బొగ్గును) పక్కన పెట్టేయబోయి, చివరి ప్రయత్నంగా కార్బన్ డయాక్సైడ్‌తో చూస్తే లోపల రంధ్రాలే రంధ్రాలు! నెలల పని చెత్తబుట్టలో పడకుండా కాపాడిన రన్ అది. కాకపోతే మామూలు పీడనంలో దీనితో సుమారు ఒక నానోమీటర్ వరకే చూడగలం.

శాంపిల్ తయారీలో ఓపిక కావాలి. 300 డిగ్రీల దగ్గర రాత్రంతా డీగ్యాస్ చేసి (లోపలి తేమ, వాయువులు తీసేసి), ఆ తర్వాత మళ్లీ తూకం వేయాల్సిందే. 50 మిల్లీగ్రాముల శాంపిల్‌లో 2 మిల్లీగ్రాములు తేడా వస్తే వైశాల్యం 4 శాతం తప్పినట్టే. వ్యాక్యూమ్ వాల్వ్ గబుక్కున తెరిస్తే పొడి ట్యూబ్ మెడ దాకా ఎగురుతుంది, అది లోపలికి పోతే వాల్వులు శుభ్రం చేయడం నరకం. అలాగే, ట్యూబ్‌లో శాంపిల్ పోగా మిగిలే ఖాళీ ఘనపరిమాణం కొలవడానికి వదిలిన హీలియం ఇరుకు రంధ్రాల్లో చిక్కుకుని తొలి పాయింట్లను పాడుచేస్తుంది. అందుకే నేను ఆ కొలతను రన్ అయ్యాకే తీస్తాను.

అసంతృప్తి ఒక్కటే. మైక్రోపోర్ కొలతకి 2015 ఐయూపీఏసీ (అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య) నివేదిక 87 కెల్విన్ (సుమారు మైనస్ 186 డిగ్రీలు) దగ్గర ఆర్గాన్‌ను సిఫార్సు చేసింది, మా మెషీన్‌కి ఆ అమరిక లేదు. కొత్తది కొనేటప్పుడు ఆ అమరిక, తక్కువ పీడనాన్ని పట్టే సెన్సర్ రెండూ ఉన్నాయో లేదో మొదట అడగండి, మిగతా ఫీచర్లన్నీ ఆ తర్వాతే.