ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో నట్లు, బోల్టులు

మా పెద్దమ్మాయి ఆరో పుట్టినరోజుకి, రంధ్రాలున్న ఇనుప పట్టీలను నట్లు, బోల్టులతో బిగించి బొమ్మలు కట్టే సెట్ కొన్నాం. పెట్టె మీద రాసిన వయసు సరిపోయిందని ఇంకేం ఆలోచించలేదు. పిల్ల గంటసేపు కూర్చుని, ఒక్క బోల్టు కూడా బిగించలేక ఏడ్చింది. సెట్ అటకెక్కింది. ఎనిమిదో ఏట తనే అడిగి దింపించుకుంది. ఆ వేసవంతా నాలుగుసార్లు పిలిస్తేగానీ అన్నానికి లేవలేదు.

తేడా తెలివిలో లేదు, వేళ్ళలో ఉంది. పట్టీ వెనక నట్టు కదలకుండా ఎడమచేతి వేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో స్క్రూడ్రైవర్ తిప్పాలి. రెండు చేతులూ ఒకేసారి రెండు వేరే పనులు చేయాలి. అందుకే ఎవరడిగినా ఇప్పుడు ఒకటే చెబుతాను. చొక్కా బొత్తాలు, బూటు లేసు పిల్లలు సొంతంగా పెట్టుకుంటున్నారేమో చూడండి. రెండూ వస్తే పట్టీల సెట్ కొనొచ్చు.

ఈ రకం సెట్లకు మూలపురుషుడు లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ. తన కొడుకుల కోసం చేసిన ఆటవస్తువుకి 1901లో పేటెంట్ తీసుకున్నాడు. అదే తర్వాత మెకానో అయింది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య అర అంగుళం దూరం ఆయన పెట్టిన లెక్కే. మన దగ్గర మెకానిక్స్ పేరుతో దొరికేదీ ఆ కోవదే.

ఇందులో నాకు బాగా నచ్చేది, తప్పు చేస్తే వస్తువే చెబుతుంది. పెద్దమ్మాయి మొదట కట్టిన క్రేన్ పక్కకి వాలిపోయేది. "అమ్మా, అన్నీ గట్టిగానే బిగించాను, అయినా ఊగుతోంది" అని ఒకటే టెన్షన్. నేనేం చెప్పలేదు. రెండు రోజులకి మూల నుంచి మూలకి ఏటవాలుగా ఒక పట్టీ వేసి, చేత్తో నెట్టి చూసి, నన్ను పిలిచింది. నాలుగు పలకల చట్రం ఊగుతుందని, త్రికోణం ఊగదని ఆ రోజు తన చేతికి తెలిసింది. తర్వాత కీళ్ళ సంగతి. నట్టు బిగిస్తే కీలు కదలదు, వదులుగా ఉంచితే ఊడిపోతుంది. కొంచెం వదులు ఉంచి, రెండు నట్లు ఒకదానికొకటి ఆనించి బిగిస్తే కీలూ తిరుగుతుంది, నట్లూ ఊడవు. ఇంకో మాట, ముందు అన్నీ వేళ్ళతోనే బిగించి, ఆకారం కుదిరాకే స్పానర్ పట్టాలి.

చిన్నోడికి మరలు బిగించే ఓపిక లేదు. వాడికి కావాల్సింది కదలిక. లెగో టెక్నిక్ అనే ప్లాస్టిక్ ముక్కల సెట్ సరిగ్గా సరిపోయింది. పిన్నులు, ఇరుసులు నొక్కితే చాలు, అతుక్కుంటాయి. ఒకరోజు నా స్టిక్కర్ బొట్టు పెద్ద గేరుకి అంటించి లెక్కపెడుతున్నాడు. 8 పళ్ళ గేరు మూడుసార్లు తిప్పితే 24 పళ్ళది ఒక్కసారి తిరిగింది. తర్వాత పెద్దదాన్ని తిప్పితే చిన్నది తిరిగేలా మార్చి బిగించాడు. వేగం పెరిగింది గానీ బరువు లేపలేకపోయింది. ఎందుకని వారం రోజులు నన్ను వదల్లేదు.

ఒకసారి చవగ్గా వచ్చిందని ఇంకో పట్టీల సెట్ కొన్నాం. మెత్తటి లోహం, రెండోసారి విప్పేసరికి బోల్టుల తలల మీద గాడి అరిగిపోయింది. మార్చివ్వమంటే షాపువాళ్ళు కుదరదన్నారు. అప్పటినుంచి విడిభాగాలు దొరుకుతాయో లేదో కనుక్కోకుండా కొనడం లేదు. పెట్టె మీద "వంద మోడల్స్" అని ఉన్నా ఆ అంకెను నమ్మను. చక్రాలు, పుల్లీలు, ఇరుసులు, వంపు ముక్కలు ఎన్ని ఉన్నాయో చూస్తాను. చెక్క ముక్కలు ఊడదీసి అమర్చే కిట్లు కూడా తెచ్చాం. ఒకసారి చేశాక అవి షెల్ఫులోనే ఉండిపోయాయి.

నట్లు పోతూనే ఉంటాయి. పాత పోపుల డబ్బా గిన్నెల్లో బోల్టులు, నట్లు, వాషర్లు వేరువేరుగా పెడుతున్నాం. పాత స్పీకర్ అయస్కాంతాన్ని దారానికి కట్టి మంచం కింద ఈడిస్తే రాలినవన్నీ వస్తాయి. చంటిపిల్లలు ఇంటికొస్తే ఆ డబ్బా బీరువాలోకి వెళ్ళాల్సిందే, నోట్లో పెట్టుకుంటారు.

మా చెల్లెలి కూతురికి రెండో ఏట లెగోవాళ్ళ పెద్ద ఇటుకలు, డ్యూప్లో కొన్నాం. మామూలు లెగో ఇటుకకి పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపు. రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి పెద్దయినా వృథా పోదు. ఇప్పుడు దానికి ఐదేళ్ళు. అక్క క్రేన్ చూసినప్పుడల్లా "పెద్దమ్మా, నాకూ ఇలాంటిది కావాలి" అంటుంది. బొత్తాలు పెట్టుకుంటోంది, లేసు మాత్రం ఇంకా రాలేదు. ఈ దసరాకి పట్టీల సెట్ కొనడం లేదు.