కెల్టిక్ నాగరికత, థియాలజీ కలిపి చదివినవాడి సమీక్ష

స్కాట్లండ్‌లో ఆనర్స్ డిగ్రీకి నాలుగేళ్లు. నేను కెల్టిక్ నాగరికత (పాతకాలపు ఐర్లండ్, స్కాట్లండ్ లాంటి చోట్ల కెల్టిక్ భాషలు మాట్లాడిన జనాల చరిత్ర, సాహిత్యం), థియాలజీ (దైవశాస్త్రం) చెరి సగంగా తీసుకున్నాను. మొదటిదేంటో మా ఇంట్లోవాళ్లకి తెలీదు, రెండోది పాస్టర్ కోర్సు అనుకున్నారు. కాదు. మా క్లాసులో నీకు దేవుడి మీద నమ్మకం ఉందా అని ఎవరూ అడగలేదు.

రెండూ కలిపి ఎందుకంటే, ఒకటి లేకపోతే రెండోది నడవదు. తమ విద్యను రాతలో పెట్టడం తప్పని డ్రూయిడ్లు, అంటే పాత కెల్టిక్ పూజారులు, అనుకునేవారని రోమన్ సేనాని సీజర్ రాశాడు. పాత ఐరిష్ కథలు మనదాకా వచ్చింది క్రైస్తవ లేఖకుల చేతుల మీదుగానే. రాసినవాడి బుర్రలో బైబిల్ ఎంతుందో తెలియకుండా ఆ కథలో పాత దేవుళ్లు ఎక్కడున్నారో ఎలా తేలుస్తాం?

ఐర్లండ్ సెయింట్ బ్రిజిడ్ సంగతే చూడండి. పాత దేవతనే చర్చి సెయింట్‌గా మార్చేసిందని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. కానీ కోజిటోసస్ అనే ఐరిష్ సన్యాసి రాసిన సెయింట్ బ్రిజిడ్ చరిత్ర 7వ శతాబ్దానిది. ఆ పేరుతో దేవత ఉందని చెప్పే కార్మక్ నిఘంటువు (పాత ఐరిష్ పదాల కోశం) సుమారు 900 నాటిది. దీంతో దేవత లేదని తేలిపోదు గానీ, అంత ధీమాగా చెప్పడానికి మాత్రం ఇక కుదరదు. ఈ తేదీలు విన్నాక క్లాసులో కొందరి మొహాలు వాడిపోయాయి. నాకైతే కోర్సు మీద గురి కుదిరింది అప్పుడే.

ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలన్న గొడవ ఇంకా రంజుగా ఉంటుంది. ఆ తేదీ లెక్కకి స్కాట్లండ్ పడమటి దీవి అయోనాలోని మఠంవాళ్లది 84 ఏళ్ల చక్రం, రోమ్ పక్షంవాళ్లది 19 ఏళ్ల చక్రం. ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజ్యంలో రాజు ఓస్వియు అయోనా లెక్కన పండగ చేసుకుంటుంటే, రోమ్ లెక్క పాటించే రాణి ఇంకా ఉపవాసంలోనే ఉండేదని ఇంగ్లిష్ సన్యాసి, చరిత్రకారుడు బీడ్ రాశాడు. పండగ ఈరోజా రేపా అని పంచాంగాల తగువులు చూసే మనకి ఇది కొత్తేం కాదు. 664లో ఈ తగువు తేల్చడానికి విట్బీలో పెట్టిన సభలో రాజు రోమ్ వైపు మొగ్గాడు. అయోనా మారడానికి 716 దాకా పట్టింది. దక్షిణ ఐర్లండ్ మాత్రం 630ల్లోనే మారిపోయింది. రోమ్‌కి ఎదురు నిలిచిన 'కెల్టిక్ చర్చి' అనే ఒకే సంస్థ ఏదీ లేదని అక్కడే అర్థమవుతుంది. గిఫ్ట్ షాపుల్లో అమ్మే కెల్టిక్ ఆధ్యాత్మికత మీద మోజుతో చేరేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. పాత ఐరిష్ క్రియలు ఏడిపిస్తాయి. ఆ భాష తప్పనిసరి కాదు, అనువాదాలతో నెట్టుకురావచ్చు, కానీ పై తరగతుల్లో ఆ లోటు తెలుస్తుంది. రెండు డిపార్ట్‌మెంట్లు ఒకదాన్నొకటి అడగకుండా ఎస్సేల గడువులు ఒకే వారంలో పెట్టేవి, ఆ టెన్షన్ చివరిదాకా తప్పలేదు. ఫీజు విదేశీ విద్యార్థులకి చాలా ఎక్కువ, పైగా ఈ డిగ్రీ చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు వరసలో నిలబడి ఉండరు. అప్పు చేసి మాత్రం చేరకండి. డబ్బు సమస్య లేకపోతే మొదటి ఏడే గేలిక్ (స్కాట్లండ్ కెల్టిక్ భాష) గానీ పాత ఐరిష్ గానీ పట్టండి, తర్వాత టైం దొరకదు.