డెల్టా కాలువలు ఎవరి చేతిలో ఉండాలి: శాఖా, నీటి సంఘమా, కంపెనీయా?

2024 డిసెంబరులో నీటి సంఘాలకు (కాలువల నిర్వహణకు రైతులు ఎన్నుకునే సంఘాలు) మళ్లీ ఎన్నికలు జరిగిన దగ్గర్నుంచి గోదావరి డెల్టా రైతులు ఒకే ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. ఈ సంఘాలతో ఒరిగేదేముంది, పాత రోజుల్లోలా అంతా ఇరిగేషన్ వాళ్లే చూసుకుంటే సరిపోదా అని. ఇంకొందరు టోల్ రోడ్లు కంపెనీలకు ఇచ్చినట్టు కాలువలూ ఇచ్చేస్తే పనైనా జరుగుతుంది కదా అంటున్నారు. ధవళేశ్వరం బరాజ్ కింద సుమారు పది లక్షల ఎకరాలు ఈ జవాబు మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందే చెబుతాను, నా లెక్కలో దీన్ని తేల్చే అంశం ఒక్కటే. ఒక కాలువ కింద వసూలైన నీటి తీరువా (నీటి పన్ను), వేసవిలో కాలువలకు నీరు ఆపేసే నాటికి అదే కాలువ మీద ఖర్చు పెట్టడానికి చేతిలో ఉంటుందా? ఇంజనీర్ల సమర్థత, సంఘం అధ్యక్షుడి నిజాయితీ, కంపెనీ యంత్రాలు అన్నీ దీని తర్వాతే. డెల్టాలో కాలువ బాగుచేయడానికి దొరికే గడువు ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ మొదటి వారాల దాకా, మహా అయితే నెలన్నర. ఆ నెలన్నరలో డబ్బు లేకపోతే ఏడాది పొడవునా ఎన్ని కోట్లు మంజూరైనా శివారుకు, అంటే కాలువ చివరి పొలాలకు, నీరు అందదు.

శాఖ దగ్గర మొదలుపెడదాం. బరాజ్ విషయంలో రెండో మాట లేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లు. వరదొచ్చినప్పుడు ఏ గేటు ఎంత ఎత్తాలో, దాళ్వాలో (రబీ వరిలో) నది వట్టిపోయినప్పుడు ఎగువన సీలేరు జలాశయాల నుంచి ఎంత నీరు అడగాలో, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వంతులు ఎలా వేయాలో ఒకే చోట కూర్చుని తేల్చాలి. ఇది సంఘాలు చేయగలిగింది కాదు, కంపెనీకి అప్పగించకూడనిది. ప్రధాన కాలువల లాకుల (నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడాల) వరకూ కూడా ఇదే మాట.

లాకు దాటి పంట కాలువలోకి వచ్చాక చిక్కు మొదలవుతుంది. దాని మూలం బ్రిటిష్ కాలం నాటి ఏర్పాటులో ఉంది. ఆనకట్ట 1852లో పూర్తయింది. 1854లో గవర్నర్ జనరల్ డల్హౌసీ పబ్లిక్ వర్క్స్ శాఖను పెట్టాడు. 1865లో మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం వచ్చింది. దాంతో వసూలు చేసే చేయి రెవెన్యూది, ఖర్చు పెట్టే చేయి ఇంజనీర్లది అయ్యాయి. మధ్యలో ఖజానా. రైతు కట్టిన తీరువా ఖజానాలో కలిసిపోతుంది, కాలువకు కావలసింది బడ్జెట్ నుంచి రావాలి. కలెక్టర్ల పాలనకు అది అనుకూలం. అప్పట్లో డెల్టా రాబడి ఖర్చును మించి వచ్చేది కాబట్టి లోపం బయటపడలేదు. పాలకులు మారినా ఆ రెండు చేతులూ నేటికీ కలవలేదు.

ఫలితం ఎలా ఉంటుందంటే, అంచనాలు మార్చిలో కదులుతాయి, మంజూరు మేలో వస్తుంది, టెండరు ఒప్పందం అయ్యేసరికి నారుమళ్లకు నీళ్లు వదలాలన్న ఒత్తిడి మొదలవుతుంది. అప్పుడు పని హడావుడిగా జరుగుతుంది. పొక్లెయిన్‌తో తీసిన పూడిక గట్టు మీదే కుప్ప పోస్తే తొలకరి వానలకు తిరిగి కాలువలోకే జారుతుంది. అడుగు మట్టం చూడకుండా గట్ల పక్కలు చెక్కితే కాలువ వెడల్పై నీటి ఎత్తు తగ్గుతుంది. మరోచోట తూము అడుగు కంటే లోతుగా తవ్వేస్తే కాలువలో నీరు కనిపిస్తూనే ఉంటుంది, తూముకు మాత్రం ఎక్కదు. డెల్టా వాలు చాలా తక్కువ కాబట్టి జానెడు మట్టం తేడా వచ్చినా చివరి రెండు మూడు తూములు ఎండిపోతాయి. గుర్రపుడెక్కను నీళ్లలో ఉండగా పైపైన లాగితే ఇరవై రోజుల్లో మళ్లీ కమ్ముకుంటుంది. ఇవన్నీ ఇంజనీర్లకు తెలియనివి కావు, గడువు లోపల డబ్బు రాకపోవడం వల్ల జరిగేవి.

రెండోది నీటి సంఘం. 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో 10,292 సంఘాలు ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు అప్పు కూడా ఆ మార్పు వెనక ఉంది కాబట్టి ఇది ప్రైవేటీకరణకు తొలిమెట్టు అని అప్పట్లో చాలామంది అనుమానపడ్డారు. ఆ అనుమానానికి కారణం ఉంది, కానీ చట్టం కాలువను ఎవరికీ అమ్మలేదు. అది చేసిన మంచి పని ఒకటుంది. భారీ ప్రాజెక్టుల కింద తీరువాలో సగం సంఘానికి, 20 శాతం కొన్ని సంఘాలకు పైన ఉండే డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, 20 శాతం మొత్తం ప్రాజెక్టుకు ఉండే ప్రాజెక్టు కమిటీకి, 10 శాతం పంచాయతీకి అని పంపకం పెట్టారు. పైన చెప్పిన రెండు చేతులను కలపడానికి జరిగిన ప్రయత్నం ఇది. నా మొగ్గు సంఘం వైపు ఉండటానికి కారణమూ ఇదే.

కానీ కాగితం మీది వాటా ఎంతకు పనికొస్తుందో లెక్క కట్టి చూడాలి. 2,000 ఎకరాల సంఘం ఒకటి తీసుకుందాం. 1996లో ఖరారైన రేటు ప్రకారం సార్వాకు (ఖరీఫ్ వరికి) ఎకరాకు 200 రూపాయలు, దాళ్వాకు 150. అంతా పూర్తిగా వసూలైందనుకున్నా ఏడాదికి 7 లక్షలు. సంఘం వాటా మూడున్నర లక్షలు. ఇద్దరు లస్కర్లను (కాలువ, తూములు చూసుకునే పనివాళ్లను) నెలకు 12,000 చొప్పున పెట్టుకుంటే 2 లక్షల 88 వేలు పోతాయి. మిగిలేది 62 వేలు. యంత్రానికి గంటకు 1,500 అనుకుంటే అది 41 గంటల పని, అంటే ఐదు రోజులు. మూడు నాలుగు కిలోమీటర్ల పంట కాలువ, దాని పిల్ల కాలువలు, విరిగిన తూము తలుపులు ఐదు రోజుల్లో బాగుపడవు.

రేటు ఎంత కరిగిపోయిందో ధాన్యంతో కొలిస్తే తెలుస్తుంది. 1996-97లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 380 రూపాయలు. అంటే 200 రూపాయల తీరువా 53 కిలోల ధాన్యానికి సమానం. 2024-25లో మద్దతు ధర 2,300. అదే 200 ఇప్పుడు తొమ్మిది కిలోలకు కూడా సరిపోదు. ఓట్ల భయంతో రేటు ముట్టుకోకపోవడం రైతుకు మేలు చేసినట్టు కనిపిస్తుంది, కానీ దాని భారం శివారు రైతు మీదే పడుతోంది. కాలువ నీరు రాక మురుగు కోడులో (మురుగు కాలువలో) ఇంజను పెట్టి ఎకరానికి ఒక్క తడి ఇచ్చినా నాలుగైదు లీటర్ల డీజిలు అవుతుంది. ఏడాది తీరువా మొత్తం ఆ ఒక్క తడికే చాలదు.

సంఘంలో రెండో లోపం ఓటు. చట్టం ప్రకారం ఓటు భూమి రికార్డులో పేరున్న వారిదే. డెల్టాలో దుక్కి దున్నేది ఎక్కువగా కౌలు రైతు, అతని పేరు రికార్డులో ఉండదు. 2019 చట్టం ఇచ్చిన సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టడానికి చాలామంది జంకుతారు. దాంతో నీళ్లు అందక నష్టపోయే మనిషికి సంఘంలో మాటే లేదు, హైదరాబాదులో ఉన్న యజమానికి ఉంది. ఎగువ భూముల వారి పెత్తనం మూడోది. తల తూముల దగ్గరి వారికి నీరు ఎప్పుడూ అందుతుంది కాబట్టి పూడిక తీతపై తొందర ఉండదు. పాలక వర్గంలో వారే ఎక్కువైతే పని కాలువ మొదట్లోనే ఆగిపోతుంది. ఈ మూడు లోపాలూ నిజమే, కానీ మూడూ నిబంధన మారిస్తే సరిదిద్దగలిగేవే.

ఇక కంపెనీ. తెలుగు నేల మీద ఈ ప్రయోగం ఒకసారి జరిగింది. గోదావరి ఆనకట్టను ప్రభుత్వ డబ్బుతో కట్టిన కాటన్ వాదనలతోనే 1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వింది, మనం కేసీ కెనాల్ అంటున్నది అదే. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీరు పారినా పారకపోయినా వాటాదారుకు వడ్డీ వస్తుంది. ఆ వడ్డీ కట్టింది ఇక్కడి పన్నులతోనే. నల్లరేగడి నేలల్లో జొన్న, పత్తి వేసుకునే రైతులు నీరు తీసుకోలేదు. కంపెనీకి నీటి రుసుము తప్ప వేరే ఆదాయం లేదు, నీటి వల్ల పెరిగే భూమి శిస్తు ప్రభుత్వానిది. చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. గోదావరి దగ్గర శిస్తూ నీటి రాబడీ ఒకే ఖజానాకు చేరడం వల్ల పెట్టుబడి తిరిగొచ్చింది, అక్కడ రెండూ విడిపోవడం వల్ల కంపెనీ మునిగింది.

కంపెనీ విధానం ఎక్కడా నడవదని అనను. మొరాకోలో ఎల్ గెర్దాన్ అనే చోట 2004లో ఒక ప్రైవేటు సంస్థకు ముప్పై ఏళ్ల ఒప్పందం ఇచ్చారు. అక్కడ పదివేల హెక్టార్ల నారింజ తోటలు, పైపుల్లో నీరు, ప్రతి తోటకూ మీటరు. మన దగ్గర మడి నుంచి మడికి పారే నీరు. ఎగువ రైతు మడి నిండి పొర్లితేనే దిగువకు వస్తుంది, పైన ఇంకిన నీరు మురుగు కోడులో తేలి కింది ఊళ్లో మళ్లీ పంటకు వాడతారు. ఎవరు ఎన్ని ఘనపు మీటర్లు వాడారో కొలిచే చోటే లేదు. కొలవలేనప్పుడు కంపెనీ ఎకరాకు ఇంత అని వసూలు చేయాలి, లేదా ప్రభుత్వం నుంచి ఏటా బిల్లు తీసుకోవాలి. మొదటి దారిలో అది చేపల, రొయ్యల చెరువులకే ముందు నీరిస్తుంది, ఎందుకంటే వారు ఎక్కువ ఇవ్వగలరు. రెండో దారిలో అది మామూలు కాంట్రాక్టరే, పేరు ఒక్కటే మారుతుంది.

సూడాన్‌లోని గెజీరా అనే పెద్ద కాలువ సాగు పథకం ఈ మూడు దశలనూ చూసింది. 1925లో సెన్నార్ ఆనకట్ట కట్టాక బ్రిటిష్ పాలనలో సాగు నడిపింది ఒక ప్రైవేటు సిండికేట్, 1950లో ప్రభుత్వ బోర్డుకు మారింది, 2005 చట్టంతో చిన్న కాలువలు రైతు సంఘాలకు వెళ్లాయి. చివరి దశలో సంఘాలకు డబ్బు, యంత్రాలు, శిక్షణ అందకుండానే బోర్డు అనుభవజ్ఞులను ఇంటికి పంపేసింది. బ్లూ నైలు ఒండ్రుతో కాలువలు పూడిపోయాయి. సంఘం వైపు మొగ్గేవాళ్లం ముందు నేర్చుకోవలసిన పాఠం అది. బాధ్యత ఒక్కటే బదిలీ చేసి డబ్బు, సిబ్బంది పైనే ఉంచుకుంటే సంఘం కూలుతుంది.

పంచాయతీకి ఇవ్వాలన్న సూచన ఒకటుంది. కాలువకు ఊరి పొలిమేర తెలియదు, నాలుగు పంచాయతీల గుండా పోయే కాలువను నాలుగు తీర్మానాలతో నడపలేం. ఉపాధి హామీ కూలీలతో బోదెలు (పొలాల్లోకి పోయే చిన్న కాలువలు) శుభ్రం చేయించుకోవచ్చు, అంతవరకు బాగుంటుంది.

మురుగు కాలువల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చలో అందరూ వదిలేసేది అదే. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూలీల ఖర్చు, గిట్టుబాటు ధరతో పాటు ముంపు కూడా కారణమే. యనమదుర్రు, కౌశిక, వాసాలతిప్ప లాంటి పెద్ద డ్రెయిన్లు వేరే డివిజన్ కింద ఉంటాయి, పంట కాలువ సంఘానికి వాటి మీద అధికారం లేదు. పైన సంఘం ఎంత బాగా నీరు పెట్టినా కింద మురుగు లాగకపోతే శివారు మడి కుళ్లుతుంది. సముద్రపు పోటు నీటితో కలిసే చోట పూడిక తీయడం సంఘాల తాహతుకు మించింది, అది శాఖే చేయాలి. కానీ ఏ డ్రెయిన్ ముందు తీయాలో ప్రాజెక్టు కమిటీ చెప్పాలి, శాఖ ఆ వరసే పాటించాలి.

కాబట్టి నా జవాబు ఇది. బరాజ్, ప్రధాన కాలువలు, పెద్ద డ్రెయిన్లు శాఖ దగ్గర. లాకు దాటిన ప్రతిదీ సంఘం దగ్గర, దాని లస్కరుతో సహా. తీరువాను మద్దతు ధరకు ముడిపెట్టి ఎకరాకు సార్వాకు 20 కిలోల ధాన్యం విలువ అని పెడితే 2024-25 ధర ప్రకారం 460 రూపాయలవుతుంది. పెంచిన మొత్తం ఖజానా తొక్కకుండా నేరుగా సంఘం బ్యాంకు ఖాతాకు చేరాలి. ఈ షరతు లేకుండా రేటు పెంచితే మాత్రం నేను వ్యతిరేకిస్తాను.

రేటు మారేదాకా ఆగకుండా మీ సంఘం ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నవంబరులో తల తూము నుంచి చివరి తూము దాకా శాఖ ఏఈతో (అసిస్టెంట్ ఇంజనీరుతో) కలిసి కాలువ వెంట నడవండి, విరిగిన ప్రతి తలుపూ రాయండి. జనవరికల్లా అంచనా, మార్చి లోపల ఒప్పందం. పని మొదలయ్యే ముందు ప్రతి తూము అడుగు మట్టం ఒక రాతి మీద గుర్తు పెట్టించి, పూడిక ఆ గుర్తుకు సరిపడా తీశారో లేదో నీరు వదలకముందే కొలవండి. మట్టి గట్టు నుంచి దూరంగా తోలించాలన్నది ఒప్పందంలోనే రాయించండి. బిల్లు మీద చివరి ప్రాదేశిక నియోజకవర్గం (సంఘం పరిధిలో కాలువ చివరి భాగం) సభ్యుడి సంతకం, వీలైతే అక్కడి ఒక కౌలు రైతు సంతకం ఉంటేనే చెల్లింపు అని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించండి. శివారు గేజీ (నీటి ఎత్తు చూపే కొలబద్ద) మట్టం రోజూ ఒక పుస్తకంలో రాయడానికి లస్కరు ఒక్కడు చాలు. వంతులు మొదలైనప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉన్న సంఘం మాటను ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కొట్టిపారేయడం కష్టం.