పాత డాబా మీద మేడ: 40,000 ఫీజు దేనికంటే

తెనాలిలో మాది 1989లో కట్టిన డాబా. పిల్లర్లు లేవు, 9 అంగుళాల ఇటుక గోడల మీదే శ్లాబు. పైన రెండు గదులు వేద్దామంటే మేస్త్రీ గోడ మీద చరిచి "రాయిలా ఉందమ్మా, వేసేద్దాం" అన్నాడు. వంటింటి మూలన పగులు చూసి నాకే మనసొప్పలేదు. గుంటూరు నుంచి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాం. ఫీజు 40,000 అనేసరికి మా ఆయన మొహం మాడిపోయింది.

ఆ అబ్బాయి కాగితం తీయకముందే వంటింటి గోడ పక్కన గుంత తవ్వించాడు. రెండున్నర అడుగులకే పునాది అయిపోయింది, కిందంతా నల్లరేగడి. ఏప్రిల్ కదా, మట్టి బీటలో గొడుగు ఊచ పెడితే జానెడు దిగింది. "వానలకి ఇది ఉబ్బుతుందండీ, ఎండలకి కుంగుతుంది. దాంతోపాటే మీ గోడ కూడా" అన్నాడు. పగులుకి అడ్డంగా గాజు ముక్క అతికించి, పక్కన తేదీ రాసి వెళ్ళాడు. మే నెలాఖరుకి గాజు విరిగింది, అంటే గోడ ఇంకా కదులుతూనే ఉంది. మా ఆయన మళ్ళీ ఫీజు ఊసెత్తలేదు.

చివరికి పాత గోడల మీద తట్టెడు బరువు కూడా పెట్టలేదు. ఇంటి బయట 8 పిల్లర్లు. ఒక్కోదాని కింద 12 అడుగుల లోతున రెండేసి పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు), అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు ఉండేవి. పిల్లర్ల మీద అటూ ఇటూ 24 అడుగుల బీములు, పాత శ్లాబుకి తగలకుండా 3 అంగుళాల సందు. పచ్చి కాంక్రీటు బరువు పాత శ్లాబు మోయలేదని హాల్లో, పడగ్గదిలో కూడా దాని కింద ఆసరాగా ఇనప జాకీలు బిగించారు. 21 రోజులు ఆ ఇనప అడవిలోనే భోజనాలు, నిద్రలు. తొందరపడి ఒక జాకీ విప్పబోయిన సెంట్రింగ్ కుర్రాణ్ణి ఇంజనీరు ఫోన్లోనే ఆపించాడు.

పని బాగుంది గానీ మనిషి ఫోనెత్తడు. శ్లాబు రోజు ఉదయం ఏడింటికి రావాల్సినవాడు పదింటికొచ్చాడు, అప్పటిదాకా మాకు టెన్షన్. డ్రాయింగులన్నీ ఇంగ్లీషులో ఇస్తే మేస్త్రీకి మా అమ్మాయి చదివి చెప్పింది. ప్రహరీ పక్క సందులో పిల్లర్లొస్తే దారి ఎంత మిగులుతుందో ముందే ఒక మాట చెప్పొచ్చు కదా! ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒకటీ మా ఆయన స్కూటరు కోసం తగ్గించా, అది ఇప్పుడు వీధిలోనే ఉంటోంది.