చెంచు లక్ష్మి మ్యూజియానికి వెళ్తే చిల్లగింజలు పట్టుకెళ్లండి

శ్రీశైలంలో ఉన్న చెంచు లక్ష్మి గిరిజన మ్యూజియానికి మా ఎనిమిదో తరగతి పిల్లలు 38 మందిని తీసుకెళ్లాం. మాది మార్కాపురం దగ్గర పల్లె, నేను సైన్స్ చెప్తాను. మా పిల్లల్లో సగం మంది ఏటా శివరాత్రికి శ్రీశైలం వచ్చేవాళ్లే. మ్యూజియం గడప తొక్కినవాళ్లు మాత్రం ఇద్దరే.

ముందు డబ్బులు తగలేసిన సంగతి చెప్తాను. 'అడవి పాఠాలు' అంటూ ఒక టూర్ల ఆయన బస్సు ఖర్చు కాకుండా తలకు 250 తీసుకున్నాడు. ఆయన పంపిన కుర్రాడు బోర్డుల మీద ఉన్నది పైకి చదివి, తలా ఒక జిరాక్స్ కాగితం ఇచ్చాడు. చెంచుల ఆయుధం ఏది? విల్లు. అంతే, పాఠం అయిపోయింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. అలాంటి కరపత్రం మీ బడికొస్తే దండం పెట్టి పంపించేయండి.

అసలు పాఠం మ్యూజియంలోనే ఉంది, మనం నిలబడి చెప్పుకోవాలి. చెంచులు తమ ఊరిని పెంట అంటారు. మల్లన్నను అల్లుడంటారు. తేనె మాట వచ్చినప్పుడు, కొండ అంచు నుంచి నార తాడు మీద దిగేవాడికి పైన తాడు పట్టుకునేది బావమరిదేనట అని చెప్పాను. ఎందుకో పిల్లల్నే ఆలోచించమన్నా. "తాడు వదిలేస్తే అక్కకే కదా మేడం నష్టం" అందొక పిల్ల. చెంచులు అడవిలో తపసి చెట్ల నుంచి తీసే జిగురు, అదే తపసి బంక, కట్టుడు పళ్లు అంటించే పొడిలోకి వెళ్తుందంటే మాత్రం మా తెలుగు మాస్టారే నమ్మలేదు. ఆయనవి కట్టుడు పళ్లే.

బయటికొచ్చాక రెండు సీసాల నీళ్లలో ఎర్రమట్టి కలిపాం. బురద నీళ్లను తేటపరిచే చిల్లగింజలు మూలికల కొట్లో ఇరవై రూపాయలకు కొని తెచ్చాను. ఒక గింజను గంధంలా రాయి మీద అరగదీసి ఒక సీసాలో కలిపి, రెండోది అలాగే వదిలేశాం. అన్నాలు తిని లేచేసరికి గింజ వేసిన సీసాలో మట్టి అడుక్కి దిగిపోయింది, రెండోది ఇంకా టీ రంగులోనే ఉంది. బురద రేణువుల్ని ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తుంది ఆ గింజ. "పటిక లాంటిదే" అన్నాడొకడు. ఇంకొకడు సీసా ఎత్తి తాగబోతే లాక్కున్నా. తేటపడినంత మాత్రాన క్రిములు చావవు, ఆ ముక్క అక్కడే చెప్పాల్సొచ్చింది.

మ్యూజియంలో కనీసం రెండు గంటలు ఉండేలా చూసుకోండి, దర్శనం క్యూతో ముడిపెట్టకండి. దోర్నాల వైపు వెళ్లేవాళ్లు మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, అడవి గేటు రాత్రి 9కి వేస్తే మళ్లీ తెల్లారి 6కే తీస్తారు. మేం ఐదింటికే బస్సెక్కాం. మిగిలిన గింజలు మా తెలుగు మాస్టారు జేబులో వేసుకున్నారు, ఇంట్లో బోరు నీళ్లకట.