తిండి అగ్గువ, కుర్చీ పిరం

మా వదినకు మోకాళ్ళ నొప్పులు. ఈ సంగతి ముందే చెప్పాలి. రెండు రోజుల్లో మేం ఎక్కడ తిన్నామో, ఎక్కడ తినకుండా వచ్చేశామో చాలావరకు ఆ మోకాళ్ళే తేల్చాయి. నల్లగొండలో ఆమెకు చిన్న పని ఉంది, ఒక సంతకం పెట్టి కాగితం తెచ్చుకోవాలి. "ఒక్కదాన్నే పోతే ఏం మంచిగుంటది, నువ్వు గూడ రా. అట్నుంచి అటే పాలమూరు పోయి పిల్లలమర్రి చూసొద్దాం" అంది. పాలమూరంటే మహబూబ్‌నగర్, పిల్లలమర్రి అక్కడి పాత మర్రిచెట్టు. బతుకమ్మ పండగ అయిపోయి ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. సరేనన్నాను.

బస్సు ఖర్చు లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. సూపర్ లగ్జరీలో ఆ లెక్క నడవదు. అందుకని ఎల్బీనగర్‌లో రెండు సూపర్ లగ్జరీలను కళ్ళముందే పోనిచ్చి, ఎక్స్‌ప్రెస్ కోసం ముప్పావు గంట నిలబడ్డాం. లాడ్జి, ఆటోలు పోను ఇద్దరికీ కలిపి తిండికి వెయ్యి రూపాయలు అనుకున్నాం. వదిన ఆ వెయ్యిని చిల్లర చేయించి వేరే చిన్న పర్సులో పెట్టింది.

చౌటుప్పల్, చిట్యాల దాటి నల్లగొండలో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు బయట టిఫిన్ బండ్లకు కొదవ లేదు. మనుషులు ఎక్కువ ఉన్న బండి దగ్గరికి పోయాం. ఇడ్లీ, మైసూర్ బజ్జి, పల్లీ చట్నీ, పైన కారప్పొడి. ఇడ్లీ పొగలు కక్కుతోంది, చట్నీలో పల్లీలు వేగిన వాసన బాగా తెలుస్తోంది. రెండు ప్లేట్లు డెబ్బై, చాయ్ ఇరవై. రుచికి పేరు పెట్టడానికి లేదు. కానీ ఒక్క స్టూలు లేదు. మగవాళ్ళు బైకుల మీద వాలి తింటున్నారు. వదిన ఇటూ అటూ చూసి, ఇంకా తెరవని చెప్పుల షాపు మెట్టు మీద కూర్చుంది. సగం ఇడ్లీలో ఉండగా షాపాయన వచ్చి షట్టర్ ముందు నిలబడ్డాడు. పాపం ఏమీ అనలేదు, తాళంచెవుల గుత్తి ఆడిస్తూ నిలబడ్డాడంతే. మిగతా ఇడ్లీ నిలబడే తిన్నాం.

అప్పుడు తట్టింది నాకు. ఇలాంటి ఊళ్ళలో తిండి అగ్గువకే దొరుకుతుంది, దానికి పెద్దగా వెతకక్కర్లేదు. పిరమైంది కుర్చీ. ఫ్యాను, చేతులు కడుక్కునే కుళాయి, బాత్రూం, వీటన్నిటినీ కలిపి హోటలు బిల్లులో వేస్తారు. అవి వద్దనుకున్న మగవాడు అరవై రూపాయలతో కడుపు నింపుకుని పోతాడు. ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరు మోకాళ్ళ నొప్పుల మనిషి అయితే లెక్క మారుతుంది.

లాడ్జి బస్టాండుకు దగ్గర్లోనే తీసుకున్నాం. ఏసీ లేని డబుల్ రూం, ఎనిమిది వందలు. కౌంటర్‌లో కుర్రాడు ఇద్దరి ఆధార్‌లూ తీసుకుని, "జెంట్స్ ఎవరూ లేరా మేడం?" అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి వదిన, "ఉన్నరు బిడ్డా, ఇంట్ల వంట చేసుకుంటున్నరు" అంది. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. రాత్రి బస్సుల హారన్లు భరించలేనివాళ్ళు గడియారం సెంటర్ వైపు చూసుకోవడం మంచిది. మాకు మర్నాడు తెల్లారే బస్సు కాబట్టి ఇదే నయం.

వదిన పని పదకొండున్నరకల్లా అయిపోయింది. మధ్యాహ్నం భోజనానికి ఎవరినీ అడగలేదు. కోర్టు దగ్గర నల్లకోట్లు, పక్కన ఫైళ్ళ సంచులు పట్టుకున్న ఊరివాళ్ళు ఎటు పోతున్నారో అటు పోయాం. ఇరుకు మెట్లెక్కితే పైన మెస్. నాలుగు పొడుగు బల్లలు, బెంచీలు. భోజనం తొంభై రూపాయలు. పుంటికూర పప్పు, సోరకాయ కూర, పచ్చి పులుసు, అప్పడం, పెరుగు. పచ్చి పులుసులో ఉల్లిపాయలు కరకరమంటున్నాయి, ఎండుమిరపకాయను నిప్పుల మీద కాల్చి నలిపినట్టుంది ఆ వాసన. నేను రెండుసార్లు అడిగి పోయించుకున్నాను. అన్నం ఎంతైనా పెడతారు, కూర మాత్రం ఒక్కసారే. ఒంటిగంటకు వెళ్ళాం కాబట్టి దొరికింది. మేం చేతులు కడుక్కుంటుండగా, రెండు కూడా కాలేదు, వచ్చిన వాళ్ళకు "కూర అయిపోయింది, పప్పు, పెరుగు ఉన్నది" అని చెబుతున్నారు. మెస్‌కు ఆలస్యంగా పోవడమంటే ఆకలిని బేరానికి పెట్టడమే. చేతులు కడిగే చోట ఒకటే కుళాయి. ఆడవాళ్ళకు బాత్రూం ఉందా అని అడిగితే వంటామె నవ్వింది. అంటే లేదని.

నల్లగొండలో తాగే నీళ్ళ మాట ఒకటి. మా నాన్న ఈ ఊరు వస్తే ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకునేవాడు. ఫ్లోరైడ్ భయం అప్పట్లో అంతలా ఉండేది. ఇప్పుడు పానగల్లు ఉదయసముద్రంలోకి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, ఊరి మాట మారింది. కానీ ఏ హోటల్లో కూర్చున్నా ముందు "బాటిలా, నార్మలా?" అని అడుగుతారు. నార్మల్ అంటే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు. మెస్‌లో అందరూ అవే తాగుతున్నారు, మేమూ అవే తాగాం, ఏమీ కాలేదు. పొట్ట సున్నితం అయితే ఇంటి సీసా తెచ్చుకోవడమే నయం. ఇద్దరికి పూటకు రెండు బాటిళ్ళంటే నలభై రూపాయలు, అంటే సగం భోజనం.

ఎండ తగ్గాక షేర్ ఆటోలో పానగల్లు పోయాం. దారిలో బండి దగ్గర బత్తాయి రసం, గ్లాసు ముప్పై. బత్తాయికి పేరుపడ్డ జిల్లా ఇది, ఇక్కడ కూడా హైదరాబాదు ధరేనా అని వదిన అలిగింది. కానీ ఐసు, చక్కెర వేయొద్దంటే అతను నిజంగానే వేయలేదు, గ్లాసు నిండా రసమే పోశాడు.

ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల కాలంనాటిది, మూడు గర్భగుళ్ళ త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక పగలంతా స్తంభం నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు ఎటు జరిగినా అది కదలదు. మేం పోయినప్పుడు పూజారి, ఇద్దరు కాలేజీ పిల్లలు తప్ప ఎవరూ లేరు. మండపంలో రాతి అరుగు చల్లగా ఉంది. వదిన స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని, "గీ నీడ, గీ అరుగు పొద్దున ఇడ్లీ బండి కాడుంటే ఎంత మంచిగుండు" అంది. పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే మ్యూజియం కూడా చూడదగ్గవే. కానీ ఆమె ఆ అరుగు వదలలేదు, నేనూ బలవంతం చేయలేదు.

సాయంత్రం మా కష్టం గట్టెక్కింది. గడియారం సెంటర్‌లో మిర్చి బజ్జి ఒక ప్లేటు తిని తిరుగుతుంటే, ఒక సందు మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళు జొన్నరొట్టెలు చేస్తున్నారు. "పచ్చజొన్నలయి కావాల్నా, తెల్లజొన్నలయా?" అని అడిగింది పెద్దామె. ఉడుకు నీళ్ళతో కలిపిన పిండిని పీట మీద చేత్తో తడుతోంది. తిప్పుతూ తడుతుంటే రొట్టె అంచు పగలకుండా గుండ్రంగా పెరుగుతోంది. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో ఒక్క తుడుపు, తిరగేస్తే పూరీలా పొంగింది. నేను ఇంట్లో చేస్తే అంచులు గుంటూరు, గద్వాల అని రెండు దిక్కులకు పోతాయి. రొట్టె ఇరవై రూపాయలు, పచ్చజొన్నవి నాలుగు తీసుకున్నాం. ఆమె దగ్గర కూరలు లేవు. పక్క వీధి కర్రీ పాయింట్‌లో చికెన్ కూర డెబ్బై, దోసకాయ పప్పు ముప్పై. కిరాణా షాపులో విస్తరాకులు పది రూపాయలు.

రూంకు తెచ్చుకుని మంచం మీద పాత పేపరు పరిచి, ఫ్యాను కింద కూర్చుని, కాళ్ళు చాపుకుని తిన్నాం. కుర్చీ, బాత్రూం, కుళాయి అన్నీ ఉన్నాయి. వాటి డబ్బు లాడ్జివాడికి ఎలాగూ కట్టేశాం. ఈ రెండు రోజుల్లో మాకు బాగా కలిసొచ్చిన ఉపాయం ఇదే: రొట్టె ఒకచోట, కూర ఒకచోట, కూర్చునేది మన గదిలో. మొత్తం నూట తొంభై. చికెన్ కూరలో నూనె ఎక్కువ, అది ఒప్పుకోవాలి. బొక్కలు కవర్లో కట్టి బయట పారేశాం, లేకపోతే పొద్దునకు గదంతా చీమలు.

మర్నాడు పొద్దున బస్టాండులో ఇడ్లీ, చాయ్ ఎనభై. కొండమల్లేపల్లి, డిండి మీదుగా కల్వకుర్తిలో బస్సు మారి, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ చేరేసరికి పదకొండున్నర. దిగగానే ఒక బండి మీద ఉగ్గాని కనపడింది. నానబెట్టి పిండిన బొరుగులు, పసుపు, పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జి. గద్వాల వైపు నుంచి వచ్చానన్నాడు బండాయన. గిన్నె అడుగున ఉన్నదే మిగిలింది, కొంచెం చల్లారింది, అయినా రెండు ప్లేట్లకు ఎనభై దండగ కాదు.

పిల్లలమర్రి ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఏడు వందల ఏళ్ళదని చెబుతారు, మూడెకరాల దాకా పరుచుకుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది, మర్నాటి ఏడాది చెదలకు మందును సెలైన్ సీసాలతో ఎక్కించారు. ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి. దూరంగా నడుస్తూ చూడటమే. చూస్తూ చూస్తూ మూడయింది, అక్కడే మేం తప్పు చేశాం.

తిరిగొచ్చేసరికి మెస్‌లన్నీ గిన్నెలు కడుగుతున్నాయి. వదిన మోకాళ్ళు ఇక నడవనన్నాయి. ఎదురుగా ఏసీ బోర్డు ఉన్న ఫ్యామిలీ రెస్టారెంటులోకి దూరాం. కూర్చోగానే అడక్కుండా రెండు బాటిళ్ళు మూత తీసి పెట్టారు. బిర్యానీ ఒకటి, రోటీలు, ఒక పనీర్ కూర. పాలమూరులో కూర్చుని పనీర్ తినడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. బిల్లు నాలుగు వందల ముప్పై. బిర్యానీ అన్నం పొద్దుటిది. కానీ బాత్రూంలో గొళ్ళెం ఉంది, నీళ్ళు ఉన్నాయి, సబ్బు ఉంది. "ఆ నాలుగు వందల ముప్పైల రెండు వందలు బాత్రూంకే రాస్కో" అంది వదిన. న్యాయమే అనిపించింది.

తర్వాత చాయ్‌కి ఒక పాత ఇరానీ హోటలుకు పోయాం. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, అందరూ మగవాళ్ళే. యజమాని మర్యాదగానే లేచి, మూలన పరదా వెనక ఫ్యామిలీ చోటు చూపించాడు. అక్కడ ఫ్యాను లేదు. వదిన తల అడ్డంగా ఊపి, హాలు మధ్యలో ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు నిమిషాలు అందరూ చూశారు, తర్వాత ఎవరి పేపరు వాళ్ళు చదువుకున్నారు. రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు యాభై రూపాయలు. గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. రెండు ఊళ్ళలోనూ మాకు దొరికిన అగ్గువ కుర్చీ అదే. మధ్యాహ్నం భోజనానికి నేను నల్లగొండకే ఓటేస్తాను, కూర్చుని చాయ్ తాగడానికి మాత్రం పాలమూరుకే.

లెక్క చూస్తే పదకొండు వందల తొంభై. చిన్న పర్సు ఖాళీ అయ్యి నూట తొంభై పైన పడింది. హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ కిక్కిరిసి ఉంది, జీరో టికెట్ ఇచ్చారు గానీ సీటు లేదు. బాలానగర్ దగ్గర బస్సు ఆగితే కిటికీల కింద సీతాఫలాల బుట్టలు. వదిన నా భుజం మీదుగా చెయ్యి చాపి, నూట యాభై అన్న బుట్టను వందకు బేరం చేసింది. బుట్ట నా చేతికి వచ్చింది. షాద్‌నగర్‌లో ఒక సీటు ఖాళీ అయింది. వదిన కూర్చుని, బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కో కాయా నొక్కి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

"రేపటికి పండుతయి తీ" అంది.