బోనానికి ఇంగ్లీషులో ఏది మేలు: ఆఫరింగా, ఒబ్లేషనా?

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు ఆఫరింగ్‌కే. ఒబ్లేషన్ తప్పు మాటేం కాదు, పోటీ పరీక్షల్లో ఒబ్లేషన్‌కు సినోనిమ్ అడిగి ఆప్షన్లలో ఆఫరింగ్ ఇస్తే కళ్లు మూసుకుని టిక్ పెట్టేయొచ్చు. కానీ పరీక్ష అయిపోయాక, మన కురుమూర్తి జాతర గురించో పెద్దగట్టు గురించో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయాల్సి వస్తే మాత్రం ఈ రెండూ ఒకటి కాదు. నల్గొండ, పాలమూరు పిల్లలు తమ ఊరి జాతరల గురించి ఇంగ్లీషులో రాస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది, అయితే డిక్షనరీలో ఏ మాట బరువుగా కనిపిస్తే దాన్నే తెచ్చి పెట్టేస్తున్నారు, అక్కడే బోనం కాస్తా ఇంకేదో అయిపోతోంది.

పుట్టుక చూస్తే ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. లాటిన్‌లో ఆఫెర్రే అనే క్రియ ఉంది, ఎదుటికి తెచ్చి ఉంచడం అని అర్థం. ఆఫర్ దాన్నుంచి వచ్చింది, ఒబ్లేషన్ అదే క్రియకున్న ఇంకో రూపం ఒబ్లాటుస్ నుంచి వచ్చింది. తర్వాత దారులు వేరయ్యాయి. ఆఫర్ అన్ని చోట్లా తిరిగింది, దీపావళికి బట్టల షాపు పెట్టేదీ ఆఫరే, ఉద్యోగం ఇస్తామని చెప్పేదీ ఆఫరే, షేర్ మార్కెట్‌లో ఐపీఓ అంటారే, అందులో చివరి ఓ కూడా ఆఫరింగే. ఒబ్లేషన్ మాత్రం పూజ దగ్గరే ఆగిపోయింది. క్రైస్తవుల ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం దేవుడికి సమర్పించడాన్ని ఒబ్లేషన్ అంటారు. మన హోమంలో మంత్రం చదువుతూ అగ్నిలో వేసే ఆహుతికి కూడా అనువాదకులు ఎక్కువగా ఇదే మాట వాడతారు. భగవద్గీతే తీసుకోండి, నాలుగో అధ్యాయంలో బ్రహ్మార్పణం శ్లోకానికి చాలా ఇంగ్లీషు అనువాదాల్లో ఒబ్లేషన్ కనిపిస్తుంది, తొమ్మిదో అధ్యాయంలో పత్రం పుష్పం ఫలం తోయం దగ్గరికి వచ్చేసరికి అదే ఆఫర్ అవుతుంది. ఆకు, పువ్వు, పండు, నీళ్లు, అంటే ఎవరైనా ఇవ్వగలిగినవి.

ఇప్పుడు బోనం చూడండి. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, లోపల ఇంట్లో వండిన అన్నం, పైన దీపం. ఆడబిడ్డ దాన్ని నెత్తిన పెట్టుకుని డప్పుల వెనుక గుడి దాకా నడుస్తుంది. బోనం అంటేనే భోజనం, తల్లికి మనింటి బువ్వ. దీనికి ఒబ్లేషన్ అని రాస్తే చదివేవాడి కళ్ల ముందు యజ్ఞకుండమో, చర్చిలో బలిపీఠమో వచ్చి నిలబడుతుంది, ఆ ఆడబిడ్డ కనబడదు. అందుకే ఆఫరింగ్. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే, బోనం అని ఇంగ్లీషులోనూ అలాగే రాసి, మొదటిసారి వచ్చినప్పుడు పక్కన ఒక్క వాక్యంలో అదేంటో చెప్పడం. తర్వాత ప్రతిసారీ బోనమే.

ఉద్దాల సంగతీ అంతే. దీపావళి తర్వాత కురుమూర్తి స్వామికి వడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాల వాళ్లు నిష్ఠతో ఉండి తోలుతో కుట్టిన చెప్పులు, అవే ఉద్దాలు, ఊరేగింపుగా వస్తాయి. చేసిన మనిషి చేతి పనే దేవుడి పాదాలకు చేరుతుంది. దీన్ని గిఫ్ట్ అంటే చాలా పలచనైపోతుంది, సాక్రిఫైస్ అసలు కాదు, ఒబ్లేషన్ అంటే చేతి పని మరుగున పడిపోతుంది. ఆఫరింగ్ ఒక్కటే నిలుస్తుంది.

అలాగని అన్నిటికీ ఆఫరింగ్ అంటించేయొద్దు. అమ్మవారి ముందు సాక పోస్తాం కదా, దానికి ఇంగ్లీషులో సరిగ్గా సరిపోయే మాట ఉంది: లైబేషన్, దేవుడి పేరున నేల మీద పోసేది అని. కల్లు సాకైనా, పసుపునీళ్లైనా అదే మాట. ముడుపు కడితే వోటివ్ ఆఫరింగ్, మొక్కు ఉంది కాబట్టి. యాటను, అంటే మేకనో గొర్రెనో, కోస్తే సాక్రిఫైస్, ఇక్కడ మెత్తని మాట వెతకొద్దు. రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామికి నైవేద్యం, చౌడమ్మకు యాట. నీళ్లు చల్లితే యాట ఒళ్లు విదిలించేదాకా ఆగుతారు, అప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. ఈ రెంటికీ ఒకే మాట రాస్తే ఇద్దరు దేవుళ్ల మధ్య తేడానే పోతుంది.

తెలుగు బైబిల్లో లేవీయకాండం చూడండి, అనువాదకులు ఎంత శ్రద్ధ పెట్టారో. ఇంగ్లీషులో అన్నిటికీ చివర ఆఫరింగే ఉంటే, వీళ్లు పిండితో ఇచ్చేదానికి నైవేద్యము, పూర్తిగా కాల్చేదానికి దహనబలి, ఇంకోదానికి సమాధానబలి అని విడదీశారు. పోసేదానికి పానార్పణము. మనం తెలుగు మాటల్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా అంతే ఓపిక కావాలి.

వాడకంలో ఒక్క జాగ్రత్త: మేక్ ఆన్ ఆఫరింగ్ టు అనాలి, డూ అనొద్దు. ఒబ్లేషన్‌తో ఇంకో చిక్కు, పలికితే అబ్లేషన్‌లా వినబడుతుంది, అది డాక్టర్లు జబ్బు పడ్డ కణజాలాన్ని తీసేయడానికి లేదా నాశనం చేయడానికి వాడే మాట. అబ్ల్యూషన్ అంటే మళ్లీ వేరు, నమాజుకు ముందు చేసే వుజూ లాంటి శుద్ధి. పరీక్షలో ఈ మూడూ పక్కపక్కనే పెట్టి తికమక పెట్టొచ్చు, స్పెల్లింగ్ చూసుకోండి.

నాకు ఇప్పటికీ కష్టంగా అనిపించేది కందూరు. జాన్‌పహాడ్ దర్గా దగ్గర హిందువులూ ముస్లింలూ మొక్కు చెల్లించి, యాటను కోసి, అక్కడే వండి, చుట్టాలందరికీ పెడతారు. సాక్రిఫైస్ అంటే కోయడం దగ్గరే ఆగిపోతుంది, ఫీస్ట్ అంటే మొక్కు కనబడదు, ఆఫరింగ్ అంటే వండి పెట్టడం కనబడదు. నేనైతే కందూరు అనే రాసి, వోటివ్ ఫీస్ట్ అని పక్కన పెడతాను. అంతకంటే మంచిది మీకు తోస్తే చెప్పండి, వెంటనే మార్చుకుంటాను.